వార్డులో మంచమా, ఇంట్లో గదా? లూపస్ ఉన్నవాళ్లకు ఏది మేలు

మా చెల్లికి లూపస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే సొంత కీళ్ల మీద, చర్మం మీద, కిడ్నీల మీద తిరగబడే జబ్బు ఇది. వచ్చేవాళ్లలో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లే. దాన్ని అణచడానికి ఇచ్చే మందులు ఒంట్లోని కాపలాను కూడా తగ్గించేస్తాయి. అందుకే మందు ఎక్కించిన ప్రతిసారీ మా ఇంట్లో అదే చర్చ: ఆ తర్వాతి రోజులు ఆసుపత్రిలోనే ఉంచాలా, ఇంటికి తెచ్చి నర్సును పెట్టుకోవాలా, మనమే చూసుకోవాలా? మేం మూడూ చేసి చూశాం.

మందు ఎక్కించే రోజు గురించి మాత్రం చర్చే లేదు, అది ఆసుపత్రిలోనే జరగాలి. చెల్లికి రిటుక్సిమాబ్ అనే, రోగనిరోధక శక్తిని అణచే మందు ఇస్తారు. ముందు స్టెరాయిడ్, పారాసెటమాల్, అలర్జీ మందు ఇచ్చి, డ్రిప్ చాలా నెమ్మదిగా మొదలుపెడతారు. మొదటిసారి అరగంట తిరక్కుండానే దాని గొంతు గరగరలాడింది, మోచేతుల మీద దద్దుర్లు లేచాయి. అప్పుడే బీపీ చూడటానికి వచ్చిన సిస్టర్ వెంటనే డ్రిప్ ఆపి డాక్టర్‌ను పిలిచింది. దద్దుర్లు తగ్గాక సగం వేగంతో మళ్లీ ఎక్కించారు. ఇంట్లో అయ్యుంటే మేం ఏం చేసేవాళ్లమో ఇప్పటికీ ఊహించలేను.

ఆ తర్వాతి రోజుల సంగతి వేరు. వార్డులో ఉంటే జ్వరం రాగానే రక్తపరీక్షకు తీస్తారు, ఆలస్యం లేకుండా యాంటీబయాటిక్ పడుతుంది. ఇంకో మేలు విజిటింగ్ అవర్స్. మనం ఎవరికీ కాదని చెప్పక్కర్లేదు, గేటు దగ్గర వాచ్‌మనే ఆపేస్తాడు. కానీ పక్క మంచం మీద దగ్గుతున్న మనిషిని ఎవరు ఆపుతారు? ఒకచోట జనరల్ వార్డులో ఉన్నప్పుడు క్యాన్యులా (మందు ఎక్కించడానికి చేతి నరంలో ఉంచే సన్నటి గొట్టం) మూత తుడవకుండానే ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో రోజుకు సూది ఉన్నచోటి నుంచి పైకి ఎర్రటి చార కట్టింది. మేం రెండుసార్లు అడిగితేగానీ తీయలేదు. అప్పటి నుంచి నేను రోజూ పొద్దున, సాయంత్రం ఆ చేతిని వెలుతురులో చూస్తాను. ఎర్రబడినా, వాచినా, ముట్టుకుంటే నొప్పి అన్నా సిస్టర్‌ను పిలిచి తీయమని అడుగుతాను. అడగడానికి మొహమాటపడకండి.

ఇంటికి నర్సును పెట్టుకుందామని మాట్లాడితే మొదట వచ్చిన ఆవిడ నర్సు కాదు, అటెండర్. పైగా జలుబుతో వచ్చింది. “మాత్ర వేసుకున్నాలే అమ్మా, ఏం కాదు” అంది. పాపం పొట్టకూటి కోసం వచ్చిన మనిషే, కానీ వెనక్కి పంపక తప్పలేదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయినా, బీఎస్సీ నర్సింగ్ అయినా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని ముందే అడగండి.

రెండోసారి జీఎన్ఎం చదివిన సిస్టర్ వచ్చింది. గదిలోకి రాకముందే ఉంగరం, గాజులు తీసి, వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. చెల్లిని నోరు తెరవమని టార్చి వేసి చూసింది. స్టెరాయిడ్ వాడేవాళ్లకు నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత లేవొచ్చట. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతోందా అని చూసింది. మూత్రంలో నురగ ఎక్కువగా ఉందా అని అడిగింది. ఆ రెండూ కిడ్నీల కోసమే. ఇవన్నీ నోట్‌బుక్కులో రాసి, మా చేత కూడా రోజూ రాయించింది. ఆమెకు ఇచ్చిన డబ్బులు రోగికే కాదు, మాకు నేర్పినదానికి కూడా అనుకుంటాను.

మనమే చూసుకోవడంలో కష్టం మందుల దగ్గర రాదు, పరామర్శల దగ్గర వస్తుంది. శ్రీకాళహస్తి పిన్నమ్మ ద్రాక్షపళ్లు పట్టుకుని వచ్చి నేరుగా మంచం మీదే కూర్చోబోతుంది. ప్రేమతో వచ్చిన మనిషిని ఎలా వద్దంటాం? మా అమ్మ వరండాలో కుర్చీ వేసి, “ఇక్కడి నుంచే మాట్లాడు, అది వింటుంది” అని చెప్పడం నేర్చుకుంది. తిరుమలలో తలనీలాల మొక్కు కూడా వాయిదా వేసింది. గీసుకున్న గాటు, క్యూలో రద్దీ, రెండూ దానికి ఇప్పుడు పనికిరావు. మన ఎండ కూడా లూపస్‌కు శత్రువే, పొడుగు చేతుల జాకెట్టు, గొడుగు లేకుండా బయటికి పంపం. స్టెరాయిడ్ మానేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

మా లెక్క ఇదీ: మందు ఎక్కించి ఒక రాత్రి వార్డులో, తర్వాత మూడు రోజులు పగటిపూట సిస్టర్‌తో ఇంట్లో, ఆపై మేమే. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు మాకు దగ్గరే కాబట్టి ఈ లెక్క కుదిరింది. చిత్తూరువాళ్లు చూపించుకునేది రాయవేలూరు (వెల్లూరు)లోనైనా, రాత్రి జ్వరం వస్తే ముందు దగ్గరున్న ఆసుపత్రికే వెళ్లాలి. కుప్పం వైపు పల్లెల్లో ఉంటే మాత్రం ఆ మొదటి వారం టౌన్‌లోనే ఉండటం మేలంటాను. ఇంట్లో ఒక్క గదైనా విడిగా లేకపోతే కూడా వార్డే నయం.

పోయినసారి ఆరో రోజు రాత్రి పదకొండుకు థర్మామీటర్ 100.6 చూపించింది. 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దని, మాత్ర వేసి పడుకోబెట్టొద్దని సిస్టర్ అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టింది. స్టెరాయిడ్ జ్వరాన్ని దాచేస్తుంది కాబట్టి చలి, మగత ఉన్నా బయల్దేరమంది. ఆటోలో నోట్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. డ్యూటీ డాక్టర్ చివరి రెండు పేజీలు తిప్పి, రక్తం తీయించి, అప్పుడే ఇంజెక్షన్ మొదలుపెట్టించారు. ఆ తర్వాత నాలుగు రాత్రులు వార్డులోనే ఉన్నాం.