వైజాగ్ బీచ్ రోడ్డులో రెండు యుద్ధాలు: కురుసుర నుంచి విశాఖ మ్యూజియం దాకా నా రివ్యూ

ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన ఆ సబ్‌మెరైన్ ముందు ఫొటో దిగని టూరిస్టు దాదాపు ఉండరు. టికెట్ కొని లోపలికి వెళ్లేవాళ్లూ తక్కువేం కాదు, కానీ చాలామంది ఇటు ఎక్కి అటు దిగిపోయి కాసేపట్లోనే మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర తేలతారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ ఒక్క రోడ్డు వెంటే రెండు యుద్ధాల చరిత్ర ఉంది. 1971 పాకిస్తాన్ యుద్ధాన్ని చాలా బాగా చూపిస్తున్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో ఇక్కడ జరిగిన జపాన్ దాడిని మాత్రం మనమే వెతుక్కోవాలి. ఎక్కడ ఏముందో, దేనికి ఎక్కువ టైమ్ పెట్టాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందు కురుసుర. ఇది నమూనా బొమ్మ కాదు, నిజంగా సముద్రంలో తిరిగిన డీజిల్ ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబర్ 18న రీగాలో మన నేవీలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న రిటైరయ్యేలోపు 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. మామూలుగా అయితే తుక్కుకి పోవాల్సిందే. దాన్ని ఒడ్డుకి లాక్కొచ్చి 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్ల పైమాటే. బయట నిలబడి చూస్తే అబ్బో ఎంత పెద్దదో అనిపిస్తుంది, లోపల అడుగుపెట్టగానే ఇంత ఇరుకులో 75 మంది ఎలా ఉన్నార్రా బాబూ అనిపిస్తుంది.

మెట్లెక్కి లోపలికి వెళ్లగానే ముందు వైపు టార్పెడో గది. టార్పెడో అంటే నీటి కింద దూసుకెళ్లి ఓడని పేల్చే ఆయుధం. ఎదురుగా ఆరు టార్పెడో గొట్టాల మూతలు, వెనక చివర ఇంకో నాలుగు ఉంటాయి. మొత్తం 22 టార్పెడోలు మోసుకెళ్లే శక్తి దీనిది, కావాలంటే వాటి బదులు 44 మైన్లు, అంటే సముద్రంలో అమర్చే మందుపాతరలు, ఎక్కించుకోవచ్చు. ఆ గదిలో నన్ను కట్టిపడేసింది ఆయుధాల కంటే పడుకునే బల్లలు. టార్పెడోల పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో బెర్తులు! పేలుడు పదార్థాన్ని పక్కన పెట్టుకుని మనిషి కన్ను మూసి నిద్రపోవాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లే గుండ్రటి ద్వారాల దగ్గర కాస్త జాగ్రత్త. తల వంచి, ముందు ఒక కాలు అవతల పెట్టి, నడుం మలిచి, తర్వాత రెండో కాలు లాక్కోవాలి. ఇనుప అంచు నుదుటికి తగిలిందంటే ఆ రోజంతా గుర్తుండిపోతుంది. నీళ్లు ఒక గదిలోకి వచ్చినా పక్క గదిలోకి పోకుండా బిగించేయడానికే ఆ ద్వారాలు. అంటే ప్రమాదం జరిగితే, ఆ గదిలో మనవాళ్లున్నా సరే, తలుపు వేయాల్సి రావచ్చు. ఈ ఒక్క సంగతి తెలిసి నడిస్తే మీ నడకలోనే తేడా వస్తుంది.

ఇక్కడ గైడ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఈ మ్యూజియానికి అసలు బలం వాళ్లే. మాకు చూపించిన పెద్దాయన బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పలేదు, పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబు చెప్పారు. అందుకే నా మాట విని గుంపుతో పరిగెత్తకండి, ఆయన మాట్లాడుతుంటే నిలబడి వినండి, ఇంకా అడగండి. ముఖ్యంగా బ్యాటరీల గురించి అడగండి. డీజిల్ ఇంజన్‌కి గాలి కావాలి కాబట్టి నీటి అడుగున అది నడవదు, అక్కడ మొత్తం బ్యాటరీల మీదే ఆధారం. ఇలాంటి సబ్‌మెరైన్‌లో 448 బ్యాటరీ సెల్స్ ఉంటాయి. అవి అయిపోవస్తే పైకి దగ్గరగా వచ్చి, గొట్టం ద్వారా గాలి పీల్చుకుంటూ ఇంజన్లు నడిపి ఛార్జ్ చేసుకోవాలి, శత్రువుకి దొరికిపోయే టైమ్ అదే. పైగా ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు పుడుతుంది, అది పోగైతే ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ హైడ్రోజన్ సంగతి గుర్తుపెట్టుకోండి, 1971లో వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కథ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

చాలామంది, బహుశా సినిమా చూసి వచ్చి, ఘాజీని ముంచింది ఈ కురుసురేనని పిల్లలకి చెబుతుంటారు. అది నిజం కాదు. 1971 యుద్ధం ముందు కురుసుర ఉన్నది అవతలి వైపు, అరేబియా సముద్రంలో. ఫలానా హద్దు దాటకూడదు, శత్రువని ఖాయంగా తేలితే తప్ప కాల్చకూడదు అనే గట్టి ఆంక్షల మధ్య గస్తీ కాసింది. టార్పెడో వదలకుండా వారాల తరబడి నీటి కింద కాచుకుని కూర్చోవడం కూడా యుద్ధమే, నన్నడిగితే దాన్ని తక్కువ చేసి చూడక్కర్లేదు.

ఇక ఘాజీ కథ. బీచ్ రోడ్డు మీదే, కురుసురకి దగ్గర్లో ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టింది. స్మారకం చిన్నదే, చూడ్డానికి ఎక్కువసేపు పట్టదు, కానీ కథ తెలియకుండా చూస్తే అది ఒక సెల్ఫీ స్పాట్ మాత్రమే. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కరాచీ నుంచి బయల్దేరి మొత్తం దక్షిణ భారతం చుట్టూ తిరిగి ఇటు వచ్చింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్ మీద. విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉండి పూర్తి వేగంతో నడవలేని పరిస్థితి, దొరికితే కష్టమే. అప్పుడు తూర్పు నౌకాదళం అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ వైపు పంపించేసి, అది వైజాగ్‌లోనే ఉందని శత్రువు నమ్మేలా నాటకం నడిపించారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత విక్రాంత్ పంపుతున్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. అందులో ఒకటి, విక్రాంత్‌లో ఉన్న ఒక నావికుడు జబ్బుపడ్డ తన తల్లి ఎలా ఉందో తెలుసుకోవడానికి అడిగినట్టు, రహస్య సంకేతాలేవీ లేకుండా మామూలుగా పంపిన సందేశం. ఇంటి బెంగ వాసన వేసే ఆ చిన్న సందేశాన్ని ఎవరు అనుమానిస్తారు? ఊళ్లో కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు భారీగా ఆర్డర్లు కూడా ఇచ్చారు, పెద్ద ఓడ రేవులో ఉందని వేగులు అనుకునేలా.

1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక హార్బర్ బయట పెద్ద పేలుడు. ఊళ్లో కిటికీలు అదిరాయి. ఆ రాత్రి రేవు దాటుతూ రాజ్‌పుత్ నీటి కింద పేలే బాంబులు, డెప్త్ ఛార్జీలు, వదిలింది. జాలర్లకు సముద్రంలో శకలాలు, లైఫ్ జాకెట్ దొరికాయి, తర్వాత నేవీ డైవర్లు కిందికి దిగి అది ఘాజీయేనని ఖాయం చేశారు. రాజ్‌పుత్ దెబ్బకే మునిగిందని మన నేవీ చెబుతుంది. తను పెట్టిన మైనే పేలిందో, లోపలే పేలుడు జరిగిందో అని పాకిస్తాన్ వైపు మాట. ఛార్జింగ్‌లో పోగైన హైడ్రోజన్ అంటుకుని ఉంటుందనే వాదనా ఉంది. కురుసురలో బ్యాటరీల గురించి విని ఇక్కడికొస్తే ఆ వాదన ఎందుకు పుట్టిందో మీకే తెలుస్తుంది. ఏది నిజమైనా, 93 మంది ఆ పడవలోనే పోయారు, అది ఇప్పటికీ మన తీరానికి దగ్గర్లో సముద్రం అడుగునే ఉంది. పిల్లలకి విజయం గురించి చెప్పేటప్పుడు ఈ 93 గురించి కూడా చెప్పాలని నేను గట్టిగా అనుకుంటాను. శత్రు దేశం వాళ్లే అయినా, ఇప్పుడే మనం దూరివచ్చినలాంటి ఇరుకు గదుల్లోనే వాళ్లూ ఉన్నారు.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. ఘాజీ అసలు అమెరికన్ సబ్‌మెరైన్, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో డయాబ్లో అనే పేరుతో తయారైంది. రాజ్‌పుత్ కూడా అదే యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ డిస్ట్రాయర్, అప్పటి పేరు రోథరమ్. ఒకప్పుడు ఒకే పక్షానికి చెందిన రెండు పాత నావలు మన రేవు ముందు శత్రువులుగా ఎదురుపడ్డాయన్నమాట.

రోడ్డుకి అవతల టీయూ 142 విమానం మ్యూజియం. 1988లో వచ్చి 29 ఏళ్లు, 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరి 2017లో రిటైరైంది, అదే ఏడాది డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. సబ్‌మెరైన్లను వేటాడే విమానాన్ని సబ్‌మెరైన్‌కి ఎదురుగా పెట్టడం మంచి ఆలోచన. ముందు హాల్లో ఇంజన్, ప్రొపెల్లర్, నీటిలో జారవిడిచి సబ్‌మెరైన్ చప్పుడు వినే సోనోబాయ్‌లు ఉంటాయి, అవి చూశాకే విమానం ఎక్కండి. ఒక్కో ఇంజన్‌కి రెండేసి ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, పిల్లలకి చూపించండి. బాగుంది, కానీ కురుసురలో కలిగే ఆ ఉద్వేగం నాకు ఇక్కడ కలగలేదు. 1971 కథకి దీనికి నేరుగా సంబంధం లేకపోవడం ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు చాలామంది వదిలేసే భాగం, నేను ఎక్కువ పట్టుబట్టేది కూడా ఇదే. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందు రోజే జపాన్ నేవీ కొలంబో మీద బాంబులు వేసింది. బంగాళాఖాతంలో అడ్మిరల్ ఒజావా దళం సరుకు ఓడల్ని వరసగా ముంచుతూ వచ్చింది, ఆ దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఆ రోజు విశాఖ మీదా కాకినాడ మీదా దాడి చేశాయి. అప్పటికి విశాఖ హార్బర్ మొదలై పదేళ్లు కూడా కాలేదు, 1933లో తెరిచారు. షిప్‌యార్డుకి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఏడాది నిండలేదు. ప్రాణనష్టం తక్కువే కానీ భయం మాత్రం ఊరిని ఊడ్చేసింది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి వెళ్లిపోయారు, ఆంధ్రా యూనివర్సిటీ కొంతకాలం గుంటూరుకి తరలిపోయింది. మన తాతలు, ముత్తాతలు చూసిన యుద్ధం ఇది. ఎక్కడో యూరప్‌లో జరిగిందని పుస్తకంలో చదివే రెండో ప్రపంచ యుద్ధం మన తెలుగు తీరం మీద పడ్డ రోజు.

దీనికి కురుసుర లాంటి పెద్ద ఆకర్షణ ఏదీ లేదు. బీచ్ రోడ్డులోనే పాత డచ్చి బంగళాలో, 1991లో మొదలైన విశాఖ మ్యూజియానికి వెళ్లండి. కళింగాంధ్ర జమీందార్ల ఆయుధాలు, నాణేలు, పటాలు, పాత్రలు వగైరాలతో పాటు జపాన్ వాళ్లు వేసిన బాంబు తొడుగు ఉంటుంది, దాని ముందు కాసేపు ఆగండి. మిగతావన్నీ చూసే ఓపిక లేకపోయినా పర్లేదు, ఇదొక్కటి చూడటానికైనా వెళ్లొచ్చు. తర్వాత పోర్టు వైపు నడిస్తే కోస్టల్ బ్యాటరీ ప్రాంతం వస్తుంది, యుద్ధకాలంలో సముద్రం వైపు గురిపెట్టిన తుపాకుల కాలం నాటి పేరు అది. తీరంలో అక్కడక్కడా కాంక్రీట్‌తో కట్టిన కాపలా గూళ్లు, పిల్‌బాక్సులు, ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి, అలలు ఇసుకని కోసుకుపోయినప్పుడు బయటపడతాయి. కనిపిస్తే వాటిపైకెక్కి రీల్స్ చేయకండి, దయచేసి.

నా కోరిక ఒక్కటే. 1942 గురించి ఒక గది పెట్టాలి. ఆ రోజు విమానాలు ఏ వైపు నుంచి వచ్చాయో చూపే పటం, ఆ బాంబు తొడుగు, అప్పటి ఊరు ఖాళీ అయిన ఫొటోలు, కాకినాడ కథ, ఇవన్నీ ఒక్కచోట ఉంటే పిల్లలు గంటసేపు కదలరు. ఆ రోజులు చూసినవాళ్లకి ఇప్పుడు తొంభై ఏళ్లు అటూ ఇటూ ఉంటాయి, వాళ్ల మాటలు రికార్డ్ చేయాలంటే ఆలస్యం చేయడానికి లేదు.

ప్యాకేజీ టూర్ల గురించి ఒక హెచ్చరిక. ఒక ట్రావెల్స్ వాళ్ల వన్ డే ప్యాకేజీలో కైలాసగిరి, రుషికొండ, సింహాచలం అన్నీ కుక్కి, ఈ బీచ్ రోడ్డుకి ఇచ్చింది ఇరవై నిమిషాలు. టికెట్ క్యూలోనే అది అయిపోయింది, డ్రైవర్ హారన్ మీద హారన్. యుద్ధ చరిత్ర కోసం వెళ్తే ప్యాకేజీ వద్దు, ఆటోలో దిగి మీ పాటికి మీరు నడవండి, అన్నీ ఒకే రోడ్డు వెంట ఉన్నవే.

వరస నన్నడిగితే ఇలా: మొదట విశాఖ మ్యూజియం, తర్వాత కురుసుర, దాని తర్వాత స్మారకం, ఓపికుంటే టీయూ 142. కాలక్రమం కూడా దాదాపు సరిపోతుంది. కురుసురకి సోమవారం సెలవు, మిగతా రోజుల టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి ముందే చూసుకోండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, వెనక జనం తోస్తుంటే గైడ్ మాట ఒక్క ముక్క వినబడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, ఇరుకంటే ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకి కురుసుర లోపల ఇబ్బందే, వాళ్లు విశాఖ మ్యూజియం, స్మారకం చూసుకోవచ్చు. చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆ గుండ్రటి ద్వారాలు దాటడం కూడా కష్టం. డిసెంబర్ 4 నేవీ డే రోజు స్మారకం దగ్గర నేవీ వాళ్లు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. ఆ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లించే అవకాశం ఉంటుంది కాబట్టి మ్యూజియంల కోసమే అయితే వేరే రోజు పెట్టుకోండి.