ప్రాపర్టీ టాక్స్ ప్రొటెస్ట్‌కి లాయర్‌ని పెట్టుకుంటున్నారా? ఆ ఏజెంట్ ఫామ్ మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

టెక్సాస్‌లో ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు ఇళ్లున్న మనవాళ్లందరికీ. ఏప్రిల్‌లో పన్ను కోసం మన ఇంటి విలువ ఇంత అని అప్రైజల్ నోటీసు రాగానే, ఆ విలువ ఎక్కువని ప్రొటెస్ట్ వేయడానికి అందరూ ఒకరికొకరు నంబరు పంపించుకునే లాయర్ ఆఫీసు ఒకటుంది కదా, "కన్సల్టెంట్లు కోర్టుకి వెళ్లలేరు, మేం డిస్ట్రిక్ట్ కోర్టు దాకా వెళ్తాం" అని చెప్పే ఆఫీసు. పేరు రాయను, చాలామందికి అర్థమైపోతుంది. దయచేసి వాళ్లకి ఫైలు ఇవ్వకండి. ఇప్పుడే ఆ విలువలు కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు నుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది.

సంగతి క్లుప్తంగా చెప్తాను. ఈసారి మా ఇంటికి మార్కెట్ విలువ 6,28,000 డాలర్లు వేశారు. హోమ్‌స్టెడ్‌కి, అంటే మనం ఉండే సొంతింటికి, పన్ను లెక్క విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా క్యాప్ ఉంటుంది కాబట్టి పన్ను లెక్కకి వచ్చే విలువ 6,04,000. మా వీధిలో ఏ లోపమూ లేని ఇళ్లే 5,70,000 దగ్గర అమ్ముడయ్యాయి. టెక్సాస్‌లో అమ్మిన ధర బయటపెట్టాలన్న చట్టం లేదు, ఆ లెక్కలు మా రియల్టర్‌ని బతిమాలి తీయించుకున్నాను. పైగా మాకు ఫౌండేషన్ సమస్య. ఇక్కడి బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, ఇల్లు ఒక పక్కకి దిగుతుంది. ఇంజనీర్ రిపోర్టు ఉంది, రిపేరుకి 38,000 డాలర్ల కొటేషన్ ఉంది. ఇంతకంటే బలమైన కేసు ఏముంటుంది? 600 డాలర్లు ముందే కట్టించుకున్నారు. తగ్గించిన పన్నులో 35 శాతం అదనం.

ఆ ఆఫీసులో మనతో మాట్లాడేది ఒక తెలుగబ్బాయి. "అన్నా, మీ ఇంజనీర్ రిపోర్టు చాలు, బోర్డు ముందు పెడితే కళ్లు మూసుకుని తగ్గిస్తారు" అన్నాడు. 50-162 ఫామ్ ఫోన్‌కే పంపి సంతకం పెట్టించుకున్నాడు. మన తరఫున ఏజెంటుగా నియమించే ఫామ్ అది. అందులో అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి, ప్రొటెస్ట్‌లు విని తేల్చే రివ్యూ బోర్డు నుంచి వచ్చే ఉత్తరాలన్నీ ఏజెంటుకే పంపమని చెప్పే గళ్లున్నాయి. వాళ్లు వాటికి ముందే టిక్కులు పెట్టి పంపారు. హియరింగ్ తేదీ వస్తుందని నేను రోజూ మెయిల్‌బాక్స్ తీసి చూస్తూనే ఉన్నాను. ఒక్క కాగితం రాలేదు.

జూన్ చివర్లో అతనే మెసేజ్ పెట్టాడు: "అన్నా, పగుళ్ల ఫొటోలు ఇంకొంచెం దగ్గరగా తీసి పంపండి, హియరింగ్‌కి పనికొస్తాయి." ఆ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నేనూ మా ఆవిడా కూర్చుని తీశాం. వంటగది గోడ మీద మూలగా పైకి పాకిన పగులు పక్కన టేపు పెట్టి, ఎంత వెడల్పుందో కనపడేలా క్వార్టర్ నాణెం ఆనించి పట్టుకుని తీశాం. మాస్టర్ బెడ్‌రూమ్ తలుపు మూసుకోవట్లేదని వీడియో కూడా తీసి పంపాను. "సూపర్ అన్నా" అని జవాబొచ్చింది.

తర్వాత చడీచప్పుడూ లేదు. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అంతే. ఇక ఆగలేక ఈ రోజు మెకిన్నీలో కౌంటరు దగ్గరికే వెళ్లాను. అక్కడున్నావిడ పాపం ఓపిగ్గా ఫైలు తెరిచి, స్క్రీను నా వైపు తిప్పి చూపించింది. యజమాని సమర్పించిన ఆధారాలు: ఏమీ లేవు. ఇంజనీర్ రిపోర్టు లేదు, కొటేషన్ లేదు, ఫొటోలు లేవు. ఒకే ఒక్క కాగితం ఉంది, 6,21,000కి ఒప్పుకుంటున్నాం అని ఆ ఆఫీసువాళ్లు నా తరఫున చేసిన సంతకం. దాని మీది తేదీ చూసి నా ఫోన్ తీసి మెసేజ్ చూసుకున్నాను. మమ్మల్ని ఫొటోలు పంపమని అడగడానికి వారం ముందే సంతకం అయిపోయింది. అంటే నేనూ మా ఆవిడా గోడకి నాణెం పట్టుకుని ఫొటోలు తీసేనాటికి కేసే లేదు.

అక్కడి నుంచే ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. నన్ను అడక్కుండా ఎలా ఒప్పుకున్నారు అంటే, "సర్, ఫామ్ మీద మీ సంతకం ఉంది. మా దగ్గర వందల ఫైళ్లుంటాయి, ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే సీజన్ అయిపోతుంది" అన్నాడు. లాయర్‌తో మాట్లాడించమంటే పెట్టేశాడు. నమ్మి డబ్బు కట్టినవాడికి ఇచ్చే జవాబా ఇది?

నష్టం ఎంతో చూడండి. మార్కెట్ విలువ 7,000 తగ్గింది కానీ 6,21,000 అన్నది క్యాప్ విలువ 6,04,000కి పైనే ఉంది. కాబట్టి పన్ను ఒక్క డాలరు కూడా తగ్గదు. అయినా ఇంటికి రాగానే ఈమెయిల్‌లో బిల్లు: 7,000 మీద రెండు శాతం సేవింగ్స్ 140, అందులో 35 శాతం 49 డాలర్లు. లేని సేవింగ్స్‌లో వాటా అడుగుతున్నారు! ఇక కోర్టుకీ దారి లేదు. బోర్డు ఆర్డర్ ఇస్తే అది అందాక 60 రోజుల్లో డిస్ట్రిక్ట్ కోర్టుకి వెళ్లొచ్చు. కానీ టాక్స్ కోడ్ 1.111 ప్రకారం ఏజెంటు అప్రైజల్ డిస్ట్రిక్ట్ అధిపతి అయిన చీఫ్ అప్రైజర్‌తో ఒప్పందం చేసుకుంటే అదే ఫైనల్. కోర్టు దాకా వెళ్తాం అన్నవాళ్లే ఆ తలుపు మూసేశారు.

మీరు ఎవరిని పెట్టుకున్నా, నా అనుమతి రాతలో లేకుండా సెటిల్ చేయకూడదు అని ముందే రాయించుకోండి. ఉత్తరాల గళ్లు టిక్ చేయనివ్వకండి. ఫామ్‌లో అధికారం ముగిసే తేదీ రాయడానికి ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా వదిలితే మీరు రాతపూర్వకంగా రద్దు చేసేదాకా వాళ్లే మీ ఏజెంటు, వచ్చే ఏడాది కూడా. అసలు ప్రొటెస్ట్ వేయడానికి ఫీజే లేదు. మే 15 లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే ఆ గడువులోపు మనమే వేసుకోవచ్చు. డిస్ట్రిక్ట్ వాళ్ల ఆధారాలు అడిగితే హియరింగ్‌కి 14 రోజుల ముందు ఇవ్వాలి.

ఏజెంటు రద్దు కాగితం కౌంటరులోనే ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. లాయర్ల మీద ఫిర్యాదులు తీసుకునే స్టేట్ బార్‌కి ఫిర్యాదు ఈ రాత్రికి పంపుతున్నాను. ఇదే ఆఫీసుకి ఫైలు ఇచ్చినవాళ్లుంటే రేపే మీ అకౌంట్ తెరిచి సెటిల్‌మెంట్ తేదీ చూసుకోండి.