నాలుగేళ్ల కారు ఆంప్, సబ్ వూఫర్: రెండేళ్లు ఊరికే తిట్టుకున్నాను

2021లో కారుకి ఫోర్ చానల్ ఆంప్ (స్పీకర్లకి బలమిచ్చే ఆంప్లిఫయర్), పదంగుళాల సబ్ వూఫర్ (బేస్ పలికించే స్పీకర్) పెట్టించాను. సౌండ్ సంగతి ముందే చెప్పేస్తాను: పెట్టిన డబ్బుకి బాగుంది. గొంతు స్పష్టంగా వినిపిస్తుంది, డప్పు దెబ్బ గుండెకి తగులుతుంది. నా గొడవంతా కరెంటుతోనే.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. రెండో వానాకాలంలో మొదలైంది. రాత్రిపూట రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే, ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు, బేస్ పడినప్పుడల్లా డాష్‌బోర్డు లైట్లు మినుకుమనేవి. కాసేపటికి ఆంప్ మీద ఎర్ర లైటు వెలిగి పాట ఆగిపోయేది. పగలు షాపుకి తీసుకెళ్తే మాత్రం బుద్ధిమంతుడిలా పాడేది.

పెట్టిన షాపువాళ్లు కెపాసిటర్ (కరెంటు కాస్త నిలవ ఉంచుకుని బేస్ పడినప్పుడు ఇచ్చేది) వేయమన్నారు, వేశాను. బ్యాటరీ మార్చమన్నారు, మార్చాను. చివరికి ఆంపే పోయిందన్నారు. అప్పుడు కంచరపాలెంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను, ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన మల్టీమీటర్ తీసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి పాట గట్టిగా పెట్టమన్నాడు. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, ఆంప్ దగ్గరేమో బేస్‌కి 11.5. తర్వాత ఒక ప్రోబ్ ఆంప్ నెగటివ్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాడు. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట 1.4 చూపించింది.

“ఏటి బాబూ, బ్యాటరీ కూడా మార్చీసారా? గ్రౌండు ఎవుడూ చూడలేదేటి?”

వెనక సీటు బోల్టుకి గ్రౌండ్ తీగ (ఆంప్ నెగటివ్‌ని కారు బాడీకి కలిపేది) బిగించారు, కింద పెయింట్ గీకకుండానే. ఆ సందులో తుప్పు పట్టింది. మా ఇల్లు ఎంవీపీ కాలనీ, కారు ఉండేది ఆరుబయట. ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్లే ఆగదు, బోల్టు ఎంత. 40 ఆంపియర్లు పారేటప్పుడు 0.035 ఓమ్ అడ్డుపడితే చాలు, 1.4 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మీటరుని ఓమ్స్‌లో పెడితే అంత చిన్న అంకె సరిగ్గా అందదు, కనెక్షన్ బాగున్నట్టే కనిపిస్తుంది. పాట నడుస్తుండగా వోల్టులే చూడాలి. పాటలో అంకె నిలవదు కాబట్టి, ఇంట్లో నేను ఫోన్‌లో 50 హెర్ట్జ్ టోన్ పెట్టి చూస్తాను.

మొత్తం తగ్గిన 2.4లో మిగిలిన ఒక వోల్టు పాజిటివ్ తీగ తింటోంది. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిసింది: అల్యూమినియం మీద రాగి పూత! పైకి మాత్రం వేలంత లావు. అసలు రాగిది, ఫోర్ గేజ్ (తీగ లావు కొలత) వేయించాను. ఫ్యూజు డాష్‌బోర్డు కింద ఉంటే బ్యాటరీ పక్కకి మార్పించాను. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపేవాళ్లుండరు, మంటలే. గ్రౌండ్ చోట మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూశారు. ఇప్పుడు ఆంప్ దగ్గర 13.4 కంటే తగ్గడం లేదు. కెపాసిటర్ అటకెక్కింది.

ఇంకొకటి కూడా జరిగింది. సంక్రాంతికి ఊరెళ్లి ఐదు రోజులకి వస్తే కారు స్టార్ట్ అవలేదు. అన్నీ ఆపి, తాళం తీసేసి కొలిస్తే 0.4 ఆంపియర్ లాగుతోంది, 0.05 దాటకూడదు. అంటే రోజుకి దాదాపు 10 ఆంపియర్ అవర్లు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి నాలుగు రోజులు. ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ తీగని ఎప్పుడూ కరెంటుండే ఎర్ర తీగకి కలిపేశారు! స్టీరియో నుంచి వచ్చే నీలం తీగకి మార్చాక ఆ బెడద తీరింది.

ఫోన్‌ని ఆక్స్ కేబుల్‌తో కలిపి, చార్జింగ్ కూడా పెడితే సన్నటి ఈల మాత్రం ఇంకా వస్తోంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతూ. బ్లూటూత్‌లో రాదు. అందుకే ఆక్స్ వాడటం మానేశాను.