కడపలో కొన్న కణ నమూనా, నాలుగు గోడ పటాలు: ఏడాది వాడిన తరువాత

మా డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగం కోసం గత విద్యాసంవత్సరంలో, కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోని ఒక సైన్స్ పరికరాల దుకాణంలో, కణాంగాలను విడదీసి మళ్లీ అమర్చగలిగే ప్లాస్టిక్ నమూనాను, కణం చొరబాటును, అంటే కణం చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకుపోవడాన్ని, వివరించే నాలుగు పటాలను కలిపి 2,600 రూపాయలకు కొన్నాము. నమూనా గట్టిది, అయస్కాంతాలు ఇంకా వదులు కాలేదు. పటాల గురించే చెప్పవలసింది ఎక్కువగా ఉంది.

రెండవ పటం ఒక్కటే పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఈజీఎఫ్ వంటి వృద్ధి కారకం గ్రాహకాన్ని తాకగానే సార్క్ (Src) అనే కైనేజ్ ఎంజైము చురుకై, కార్టాక్టిన్ అనే ప్రోటీనుకు ఫాస్ఫేటును తగిలించడం, ఆక్టిన్ తంతువులు పేరుకుని ఇన్వాడోపోడియా అనే సన్నని పొడుపులు ఏర్పడడం, లైసోజోములు, చివరి దశ ఎండోజోములు (కణం లోపలి రవాణా సంచులు) ఎంటీ1-ఎంఎంపీ అనే ఎంజైమును ఆ కొనల దాకా మోసుకువచ్చి ఆధారత్వచాన్ని (కణాల కింద ఉండే పలుచని పొరను) కరిగించడం వరుసగా చూపించారు. లైసోజోములంటే స్వయం విచ్ఛిత్తి సంచులని ఇంటర్‌లో బట్టీపట్టి వచ్చిన పిల్లలకు, అవి కణం వెలుపలి ఆధారత్వచాన్ని కూల్చే పనిలోనూ పాలుపంచుకుంటాయన్నది కొత్త సంగతి.

మూడవ పటం కేంద్రకానిది. కణద్రవ్యం ఎంత ఇరుకులోనైనా సాగిపోగలదు గానీ, కణాంగాలన్నిటిలో పెద్దది, బిరుసైనది అయిన కేంద్రకం కొలాజెన్ పోగుల సందులో ఇరుక్కుంటే ప్రయాణం అక్కడే ఆగుతుంది; ఆ బిరుసును చాలావరకు లామిన్ ప్రోటీనులు నిర్ణయిస్తాయి. ఇది చెప్పడానికి నేను నమూనాలోని కేంద్రకాన్ని ఊడదీసి, రెండు కొలతల గాజుల్లోంచి దూర్చి చూపిస్తున్నాను.

మొదటి పటంలో మాత్రం పొరపాటు ఉంది. ముందుకు కదిలే కణాల్లో చాలా వాటిలో, సీడీసీ42 అనే ప్రోటీను ఇచ్చే సంకేతం వల్ల గాల్జీ అనే కణాంగం కేంద్రకానికి ముందువైపు, అంటే కణం సాగే దిక్కుకు తిరుగుతుంది. చిత్రకారుడు దానిని వెనక్కి నెట్టాడు. మైటోకాండ్రియాలు ముందు అంచుకు చేరి అక్కడికక్కడే శక్తినిచ్చే ఏటీపీ అందిస్తాయన్న విషయం ఎక్కడా లేదు. సంకేతాలను చూపే బాణాలన్నీ బయటినుంచి లోపలికే ఉన్నాయి. కరిగిన మాతృకలోంచి (కణాల చుట్టూ ఉండే పదార్థంలోంచి) విడుదలైన టీజీఎఫ్-బీటా అనే వృద్ధి కారకం మళ్లీ అదే కణానికి సంకేతం కావచ్చునన్న మాట లేకపోవడం చిన్న లోపం కాదు. నాలుగవ పటం చొరబాటును క్యాన్సర్‌కే పరిమితం చేసింది. గర్భాశయ గోడలోకి చొచ్చుకుపోయే ట్రోఫోబ్లాస్టు కణాలనూ (పిండం బయటి పొర కణాలు), రక్తనాళం దాటి వచ్చే తెల్ల రక్తకణాలనూ ఒక మూలనైనా వేసి ఉండవలసింది.

దుకాణదారు తప్పును ఒప్పుకున్నారు, తయారీదారుకు తెలియజేస్తానన్నారు, కానీ పటం మార్చి ఇవ్వలేదు. మేము గాల్జీ మీద తెల్లకాగితం అంటించి స్కెచ్ పెన్నుతో సరిదిద్దుకున్నాము. పటాలు విడిగా కూడా అమ్ముతున్నారు కనుక రెండు, మూడు సంఖ్యలవి మాత్రం అడిగి తీసుకోవచ్చు.