స్మోకీస్ వెళ్లే శాకాహారులూ, ఆ గ్రీన్ బీన్స్ ముట్టుకోకండి

నిన్న రాత్రే అట్లాంటా తిరిగొచ్చాం. కోపం ఇంకా చల్లారలేదు. టెన్నెసీలో స్మోకీ పర్వతాల (స్మోకీస్) పక్కనున్న పిజన్ ఫోర్జ్‌లో టేబుల్ నిండా గిన్నెలు తెచ్చిపెట్టి, అయిపోయినకొద్దీ మళ్లీ నింపే కంట్రీ (అమెరికా దక్షిణాది పల్లె) వంటల హోటల్, లాంగ్ వీకెండ్ వస్తే మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు ఫొటో పెడతారే, అక్కడే జరిగింది. పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి, ఈ మాట అన్నింటికీ పనికొస్తుంది.

ఏడుగురం వెళ్లాం. మనిషికి 30 డాలర్లు, పైన టిప్ వాళ్లే కలిపేశారు. అమ్మ ఇండియా నుంచి వచ్చి నెలే అయింది. ఆవిడ బుద్ధెరిగినప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టలేదు. అందుకే కూర్చోగానే సర్వర్‌ని అడిగాను, కూరల్లో మాంసం ఉందా అని. "లేదు, కూరగాయలన్నీ వెజిటేరియనే" అంది. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాను. అలర్జీల కార్డు కూడా చూపించింది. పాలు, గుడ్లు, గోధుమ, సోయా, నువ్వులతో సహా మొత్తం తొమ్మిది. అందులో పంది మాంసం ఎందుకుంటుంది, అది అలర్జీ కాదు కదా! ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

ఫ్రైడ్ చికెన్ మా పిల్లల వైపు పెట్టి, అమ్మ ముందు గ్రీన్ బీన్స్, ఆకుకూర, బొబ్బర్లు, మొక్కజొన్న రొట్టె పెట్టించాను. బీన్స్ బాగా మెత్తగా ఉడికి, పైన నూనె మెరుస్తోంది. "మన బీన్స్ కూరలానే ఉందమ్మా, తిను" అని నా చేత్తోనే వడ్డించాను. నాలుగు ముద్దలు తిన్నాక ఫోర్క్‌తో ఒక ముక్క పక్కకి తీసి, "ఇదేంట్రా, ఉల్లిపాయా?" అంది. వేలి గోరంత ముక్క. లేత గులాబీ రంగు, ఒక పక్క తెల్లటి కొవ్వు, అంచున తోలు. పంది మాంసమని నాకు చూడగానే తెలిసిపోయింది. నా ముఖం చూసి అమ్మకీ తెలిసిపోయింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని బాత్రూమ్‌కి వెళ్లింది. మా ఆవిడ వెనకే పరిగెత్తింది.

సర్వర్‌ని పిలిచి చూపిస్తే ఏమందో తెలుసా? "హనీ, అది మాంసం కాదు, రుచి కోసం వేసింది." మేనేజర్ వచ్చి ఇంకో మాట అన్నాడు: "సౌత్‌లో బీన్స్ ఎవరైనా ఇలాగే వండుతారు, మీరు తెలుసుకుని రావాల్సింది." క్షమాపణ లేదు. అమ్మ వాటా 30 డాలర్లు కూడా బిల్లులోంచి తీయలేదు, కూర్చుని తిన్నారు కదా అన్నాడు. డబ్బు పోతే పోయింది. వాళ్ల వంట వాళ్లది, అందులో తప్పేం లేదు. కానీ అడిగినవాళ్లకి నిజం చెప్పాలి కదా! "ఇందులో హామ్ ఉంది" అని ఒక్క మాట అంటే మేం లేచి వెళ్లిపోయేవాళ్లం.

కారులో అమ్మ, "పోన్లేరా, తెలియక తిన్నాం, దేవుడికి తెలుసు" అంది. ఇవాళ పొద్దున లేచి తలస్నానం చేసి దీపం పెట్టింది. మధ్యాహ్నం దాటినా ఏమీ తినలేదు. పద్నాలుగేళ్లుగా ఈ సౌత్‌లోనే, జార్జియాలో ఉంటున్నాను, నాకు తెలిసి ఉండాల్సింది. తప్పు నాది కూడా.

వెళ్లేవాళ్లు "మాంసం ఉందా" అని అడగకండి, వాళ్ల లెక్కలో బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) కొవ్వు మాంసం కాదు. హామ్ హాక్ (పంది కాలి ముక్క), బేకన్, లార్డ్ (పంది కొవ్వు), చికెన్ బ్రాత్ (కోడి ఉడికించిన నీళ్లు) ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. కాలర్డ్ ఆకుకూరని, బొబ్బర్లని పంది ఎముకతో ఉడకబెడతారు. బిస్కెట్లలో (ఇక్కడ అవి మెత్తటి రొట్టెలు), పై (pie) అనే వంటకం పొరల్లో లార్డ్ ఉండొచ్చు. మొక్కజొన్న రొట్టె పెనానికి బేకన్ కొవ్వు రాస్తారు. బెండకాయ వేపుడు చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారేమో అడగండి. చిలగడదుంప మీద వేసే మార్ష్‌మెల్లో అనే మెత్తటి తీపిలో కూడా జెలటిన్ (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది) ఉంటుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే పులిహోర డబ్బా పట్టుకెళ్లండి.