పొదుపు నెల: గ్రూపుతోనా, జోడీతోనా?

ఒక నెలపాటు ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే వాట్సాప్ గ్రూపుగా కలిసి చేయొచ్చు, లేదా ఒక్కరితో జోడీ కట్టి ఒకరి ఖర్చు ఒకరు చూసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపు బలమంతా ఉమ్మడి కొనుగోళ్లలోనే. 15 కిలోల నూనె డబ్బా, 25 కిలోల బియ్యం బస్తా నలుగురూ పంచుకోవచ్చు. డబ్బు ముందే వసూలు చేయాలి, లేదంటే తెచ్చినవాళ్ల నెత్తిన పడుతుంది. లెక్కలకు మాత్రం గ్రూపు పనికిరాదు. రెండో వారానికల్లా ఎక్కువ ఖర్చుపెట్టినవాళ్లు నోరు మెదపరు, గుడ్ మార్నింగులే మిగులుతాయి.

అదుపుకి జోడీయే మేలు. నెల ఖర్చుల డబ్బులో నెలాఖరు రెండు మూడు రోజులకు కొంత విడిగా తీసిపెట్టి, మిగతాది నాలుగు వారాలకు పంచండి. ఆదివారం పావుగంట ఫోన్‌లో ఇద్దరూ యూపీఐ హిస్టరీ చూస్తూ వారం ఖర్చు పైకి చదవాలి. టీలు, ఆటోల చిల్లరే ఎక్కువ తేలుతుంది. 500 దాటే కొనుగోలైతే ముందు ఫోన్ చేసి, ఒకరోజు ఆగాలి. చిక్కల్లా ఇద్దరూ "ఈసారికి పోనీలే" అనే రకమైతేనే. అందుకే ప్రాణస్నేహితురాలికన్నా మొహమాటం లేని వదినగారు నయం.