జీడిపప్పు ఆన్‌లైన్‌ అమ్మకం: పెద్ద వేదికా, సొంత వాట్సాపా? విశ్వాసికి ఏది మేలు?

పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపప్పును ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునే క్రైస్తవ విశ్వాసుల కుటుంబాల నుంచి, ముఖ్యంగా యువకుల నుంచి, కొంతకాలంగా ఒకే ప్రశ్న వస్తోంది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి వేదికల మీద సరుకు పెట్టాలా, లేక సొంత వాట్సాప్ కేటలాగుతో నేరుగా అమ్ముకోవాలా? మా ఇంటి యూనిట్ కోసం మేము ఈ మధ్యనే దీని మీద ఒక నిర్ణయానికి వచ్చాం కనుక, మా లెక్క ఎలా సాగిందో ఇక్కడ రాస్తున్నాను.

పెద్ద వేదికల మీద అబద్ధమాడక తప్పదు కాబట్టి విశ్వాసులు అటు వెళ్లకూడదని కొందరు పెద్దలు అంటారు. ఆ వాదనతో నేను ఏకీభవించను. అమ్మేవారు కొనుగోలుదారు ముసుగులో తమ సరుకుకు తామే రివ్యూలు రాసుకోవడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి. 'ఇంకా రెండే మిగిలాయి' అని లేని తొందర పుట్టించడం 2023 నవంబరులో కేంద్రం ప్రకటించిన డార్క్ ప్యాటర్న్‌ల, అంటే కొనేవారిని తప్పుదారి పట్టించే ఆన్‌లైన్ ఎత్తుగడల, జాబితాలో ఉంది. ఇక మోసం చేయదలచుకున్నవాడికి వాట్సాప్ ఇంకా సులువు. పప్పు గ్రేడును గుండ్ల (విరగని పప్పుల) సైజును బట్టి చెబుతారు: డబ్ల్యూ 240 అంటే పౌనుకు 220 నుంచి 240 గుండ్లు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. అరకిలో ప్యాకెట్లో పైన పెద్ద గుండ్లు పేర్చి అడుగున చిన్నవి, వాటి కింద బద్దలు నింపితే, విప్పి ఒంపేదాకా కొన్నవారికి తెలియదు. ఆఫ్రికా నుంచి దిగుమతైన పిక్కలు కొట్టి తీసిన పప్పును 'ఉద్దానం తోటల పప్పు' అని రాయడమూ అంతే. తూకం, గ్రేడు, మూలం చెప్పడంలో నిజాయతీ ఏ వేదిక మీదైనా అమ్మేవాడి చేతిలోనే ఉంటుంది. అందువల్ల రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి అది కొలబద్ద కాదు.

ఆదివారం సంగతీ అంతే. ఆరాధన రోజున ప్యాకింగ్ పెట్టుకోకుండా సెలవు దినం ఎంచుకునే వీలు చాలా వేదికల్లో ఉంది. పన్నులలో కూడా చెప్పుకోదగిన తేడా లేదు. వేదిక మినహాయించే టీసీఎస్ అనే జీఎస్టీ కోత 2024 జూలై నుంచి అర శాతానికి, టీడీఎస్ అనే ఆదాయపు పన్ను కోత అదే ఏడాది అక్టోబరు నుంచి 0.1 శాతానికి తగ్గాయి, అవి కూడా తర్వాత మన లెక్కలో సర్దుబాటు అవుతాయి. ఇచ్ఛాపురం దాటి బరంపురానికి ఒక్క ప్యాకెట్ అమ్మాలన్నా, ఏ దారిలో అమ్మినా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

నా దృష్టిలో తేల్చేది ఒకటే: డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది, దాని నుంచి కూలి ఎప్పుడు వెళ్తుంది అన్నది. కూలివాని కూలిని మరునాటి ఉదయం వరకు మన దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19:13 చెబుతుంది. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రొద్దు గుంకకముందే ఇమ్మంటుంది. బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తుంది. జీడి పనిలో ఈ మాటలు ఎవరికి వర్తిస్తాయో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) ఆరిన పప్పును ముందు పోసుకుని, చిన్న కత్తితో ఒక్కొక్క గుండు పొట్టు తీసే ఆడవారికి సాయంత్రం కిలోల లెక్క పుస్తకంలో పడుతుంది, కానీ చేతిలో డబ్బు పడటం యజమానికి డబ్బు వచ్చేదాన్ని బట్టి జరుగుతుంది. పెద్ద వేదిక మీద సరుకు చేరాక, వాపసు గడువు కూడా ముగిశాక, వేదిక పెట్టుకున్న చెల్లింపు చక్రం ప్రకారం సొమ్ము జమవుతుంది. మధ్యలో క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్‌ను కొన్నవారు తీసుకోకపోతే అది తిరిగి వస్తుంది, రాను పోను ఖర్చు మన మీద పడవచ్చు. గోదాముల వేడిలో తిరిగి మెత్తబడిన ఆ ప్యాకెట్‌ను మళ్లీ సీలు వేసి కొత్త సరుకుగా పంపడం మోసమే కాబట్టి, అది ఇంటి వంటకే పనికివస్తుంది. అంతవరకు ఆ కూలి ఎవరు భరించాలి? చిన్న యూనిట్లలో సాధారణంగా పొట్టు తీసిన మనిషే భరిస్తుంది.

నేరుగా అమ్మినప్పుడు యూపీఐలో ముందే డబ్బు పడుతుంది, దాని మీద కోత లేదు, మధ్యాహ్నం వచ్చిన ఆర్డరుతో సాయంత్రం కూలి ఇవ్వవచ్చు. మేము ఈ దారినే ఎంచుకున్నాం. అయితే పెద్ద వేదికకు ఉన్న ఒక బలాన్ని తక్కువ చేయలేను. నేరుగా వచ్చే ఆర్డర్లు దసరాకు, దీపావళికి, క్రిస్మస్‌కు, పెళ్లిళ్ల రోజుల్లో ఒక్కసారిగా ముంచుకొచ్చి, ఆ తర్వాత చప్పబడతాయి. అప్పుడు కూలి ఆలస్యం కాదు గానీ అసలు పనే ఉండదు. ఏడాది పొడవునా పని కల్పించడం కూడా న్యాయంలో భాగమే కాబట్టి, ఈ ఒక్క కారణం మీద పెద్ద వేదికను ఎంచుకున్నవారిని నేను తప్పుపట్టను.

సొంత వెబ్‌సైటు వాట్సాప్‌కు కొనసాగింపే. వెబ్‌సైటులో చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే నుంచి సొమ్ము సాధారణంగా ఒకటి రెండు పనిదినాల్లో వస్తుంది, కార్డు చెల్లింపులకు కొంత కోత ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ ప్రచారానికి పనికివస్తుంది, కేంద్రం ప్రోత్సహించే ఉమ్మడి ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్ ఓఎన్‌డీసీ గురించి మన వైపు అడిగేవారు ఇంకా తక్కువ. సంఘం వాట్సాప్ గ్రూపులో అమ్మకం మాత్రం వద్దనే అంటాను. అక్కడ అన్నయ్యలు, అక్కయ్యలు మొహమాటానికి కొంటారు, అరువు అడుగుతారు, బాకీ వసూలు చేయాల్సిన మనిషి పక్కనే ఆదివారం కూర్చోవలసి వస్తుంది. ప్యాకెట్ మీద వాక్యం ముద్రించాలా అని కూడా కొందరు అడుగుతున్నారు. చిరిగిన ప్యాకెట్ ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు కనుక నేను ముద్రించను. అక్కడ చట్టం అడిగే నికర బరువు, ఎమ్మార్పీ, చిరునామా, తయారీ తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబరు స్పష్టంగా కనిపించాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు నేరుగా అమ్మి, వచ్చిన లాభంలో నుంచి వేదిక వారి రెండు చెల్లింపు చక్రాలకు సరిపడే కూలి సొమ్మును విడి ఖాతాలో పోగేసుకోవాలి. ఆ సొమ్ము నిండాకే డబ్ల్యూ 320 వంటి ఒక్క గ్రేడును పెద్ద వేదిక మీద పెట్టాలి. పండుగ సేల్‌లో చేరమని వేదిక ఎంత ఒత్తిడి చేసినా, ఆ ఖాతా భరించగలిగినన్ని కిలోలనే స్టాకుగా చూపాలి.